చెయ్యి అడ్డం పెట్టుకోండి

ఆ వీధిలో ఫోన్లు బాగుచేసేవాళ్ళు ఆరుగురున్నారు. ఐదుగురి షాపులకి పేర్లున్నాయి. ఆరోవాడి షాపుకీ ఓ బోర్డుంది గానీ, ఎండకి వెలిసిపోయి దాని మీద ఏం రాసుందో అతనికే గుర్తులేదు. అందరూ అడ్డం మేస్త్రి అంటారు. పేరు విని ఎదురొచ్చినవాడితోనల్లా అడ్డం తిరిగే మనిషనుకునేరు. అబ్బే, ఎవరైనా గట్టిగా తుమ్మితే ఉలిక్కిపడే రకం. సన్నగా, వంగిన వీపుతో, చెవి మీద స్క్రూడ్రైవర్‌తో ఉంటాడు. యాభై దాటాయి. ఎవరైనా ఫోన్ తెచ్చి లాక్ తీయబోతే చాలు, తల గోడవైపు తిప్పేసుకుని "చెయ్యి అడ్డం పెట్టుకోండి" అంటాడు. పదిహేనేళ్ళుగా రోజుకి ముప్పైసార్లు అదే మాట అంటుంటే పేరు అతుక్కోక ఏం చేస్తుంది?

మిగతా ఐదు షాపుల్లో పద్ధతి వేరు. ఫోన్ వెనకాల చిన్న టేపు ముక్క అంటించి, దాని మీద లాక్ నెంబరు పెన్నుతో రాసేస్తారు. సాయంత్రం దాకా ఆ ఫోన్ బల్ల మీద పడి ఉంటుంది. షాపులోకి టీ ఇవ్వడానికి వచ్చినవాడు కూడా దాన్ని తెరిచి మీ ఇంటి పెళ్ళి ఫోటోలు చూడొచ్చు. అడ్డం మేస్త్రి దగ్గర ఆ బాపతు పనులు సాగవు. లాక్ తీయాల్సి వస్తే ఆ ఫోన్ తాలూకు మనిషి రావాల్సిందే. స్పీకర్ మారిస్తే తన సొంత మెమరీ కార్డు వేసి, అరిగిపోయిన ఒకే పాట మోగిస్తాడు. ఆ పాట వినబడితే వీధిలో ఎవరిదో స్పీకర్ బాగుపడిందని లెక్క. కెమెరా మారిస్తే తన బొటనవేలిని ఫోటో తీసి, చూసి, అక్కడే చెరిపేస్తాడు. ఆ వేలికి పడినన్ని ఫోటోలు ఊళ్ళో పెళ్ళికొడుకులకి కూడా పడి ఉండవు.

దీని వెనక ఓ కథ ఉంది. సొంత షాపు పెట్టకముందు అతను వేరొకరి షాపులో పని నేర్చుకున్నాడు. ఓ రోజు షాపు యజమాని తన స్నేహితుల్ని పిలిచి, బాగుచేయమని ఇచ్చిన ఓ ఫోన్‌లోని ఫోటోలు చూపిస్తూ పకపకా నవ్వాడు. గంట తర్వాత ఆ ఫోన్ తాలూకు అమ్మాయి వచ్చింది. "చాలా థాంక్సండీ, మీరు లేకపోతే ఏమైపోయేదాన్నో" అంది. వాళ్ళు ముసిముసి నవ్వులు నవ్వుకున్నారు. ఆ పిల్ల ఎందుకో అర్థంకాక తనూ నవ్వింది. మన మేస్త్రి ఆ నవ్వు చూశాడు. మర్నాటి నుంచి ఆ షాపు మెట్లెక్కలేదు.

ఇంతటి నియమాల మనిషి దగ్గర, ఆ నియమాన్ని చెప్పుతో సమానంగా చూసేది ఒక్కతే. అతని మేనకోడలు. పసితనంలో నోరు మూతపడేది కాదు కాబట్టి ఇంట్లో గిలక అన్నారు, ఇరవై మూడేళ్ళొచ్చినా గిలకే. మేస్త్రికి పెళ్ళీ పెటాకులూ లేవు. గిలక ఆ షాపులోనే, కౌంటర్ లోపలి స్టూలు మీద కూర్చుని, పాడైపోయిన ఫోన్ల బటన్లు ఏరుకుంటూ పెరిగింది. ఇప్పుడు ఓ రక్తపరీక్షల ల్యాబ్‌లో రసీదులు రాస్తుంది. ఫోన్‌కి ఏ చిన్న జబ్బు చేసినా వీధిలోంచే బల్ల మీదకి విసిరి, "మావయ్యా, ముప్పై ఎనిమిది పదకొండు!" అని నలుగురిలో అరుస్తుంది.

"ఒసేయ్, మెల్లిగా! చెయ్యి అడ్డం పెట్టుకోవే!" అని మేస్త్రి నెత్తి కొట్టుకునేవాడు.

"నీకు అడ్డం పెట్టేదేంటి? నువ్వేమైనా పరాయివాడివా?"

ముప్పై ఎనిమిది పదకొండు అంటే గిలక నాన్న నడిపిన బస్సు నెంబరు. మేస్త్రికి బావ. పద్దెనిమిదేళ్ళు బస్సు నడిపాడు. ఓ వానలో ఆ బస్సు కింద ఓ మనిషి పోయాడు. తప్పు బావది కాదని అధికారులన్నారు, కోర్టన్నది, చివరికి పోయినవాడి తమ్ముడు కూడా అన్నాడు. బావ మాత్రం అనుకోలేకపోయాడు. ఆ రోజు దిగినవాడు మళ్ళీ బస్సెక్కలేదు. ఇప్పుడు ఓ గోడౌన్ దగ్గర కాపలా. "నా ఇంట్లో ఇంకెవరూ స్టీరింగ్ పట్టకూడదు" అన్నాడు, అదే ఇంటి చట్టం. చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని హారన్ కొట్టిన గిలకకి ఆ నెంబరు ఒక్కటే మిగిలింది.

ఇక అసలు సంగతికొద్దాం. ఓ మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేని వేళ, మేస్త్రి అక్క వచ్చింది. గిలక తల్లి. స్టూలు మీద కూర్చుని, చెంగుతో మొహం తుడుచుకుని, "తమ్ముడూ, ఒక మాట చెప్తాను, కోప్పడకూడదు" అంది.

అక్క అలా మొదలుపెట్టిందంటే అప్పటికే సగం పని అయిపోయినట్టు. మేస్త్రి చేతిలో పని పక్కన పెట్టాడు.

"గిలక బుధవారం, శనివారం ఆలస్యంగా వస్తోంది. అడిగితే ల్యాబ్‌లో పనెక్కువుంది అంటుంది. ల్యాబ్‌కి ఫోన్ చేశాను. మూడింటికే వెళ్ళిపోయిందన్నారు."

"దాన్నే అడగొచ్చుగా అక్కా?"

"అడిగితే నవ్వేస్తుంది. అదెప్పుడూ నాకు అబద్ధం చెప్పలేదురా. మొదటిసారి చెప్పింది. నాకు కంటి మీద కునుకు లేదు. మీ బావకి తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు." ఆమె గొంతు తగ్గించింది. "ఫోన్ ఎక్కడుందో మన ఫోన్లో కనబడేలా ఏదో ఉంటుందటగా. అది పెట్టి పెట్టు. దానికి తెలియకుండా."

"తప్పక్కా. ఇంకెవరైనా అడిగుంటే మెట్లు దింపి పంపేవాణ్ణి."

నిజమే. కిందటి నెలలోనే ఒకాయన పెళ్ళాం ఫోన్ తెచ్చి సరిగ్గా ఇదే అడిగాడు. మేస్త్రి జన్మలో ఎరగనంత గొంతుతో అరిచి, ఆ ఫోన్‌ని బయటి అరుగు మీద పెట్టి, తలుపు మూసుకున్నాడు. వీధంతా మూడు రోజులు చెప్పుకుంది.

"ఇంకెవరో అడగట్లేదు నిన్ను. నేను అడుగుతున్నా. తల్లి కూతురికి కాపలా ఉంటే అది దొంగతనమా? రేపు దానికేదైనా అయితే నీ నియమం వచ్చి నా పిల్లని తెచ్చిస్తుందా?" అంది అక్క. అని ఏడ్చింది.

అమ్మ పోయినప్పుడు మేస్త్రికి తొమ్మిదేళ్ళు. అక్కకి పదిహేను. ఆ తర్వాత అతనికి అన్నం పెట్టిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ, బెత్తం విరిగేదాకా కొట్టిందీ ఆమే. ఆమె ఏడిస్తే అతనికి ఇంకేమీ వినబడదు. ఆ మొగుడు అడిగినదానికీ అక్క అడిగినదానికీ తేడా ఏమిటని రాత్రంతా ఆలోచించాడు. కన్నీళ్ళు తప్ప తేడా ఏమీ కనబడలేదు. పొద్దున్నే లేచి గిలకకి ఫోన్ చేశాడు.

"కోడలా, నీ స్క్రీన్ గార్డు పగిలింది కదా, వచ్చి మార్పించుకో."

"అబ్బో! నువ్వే పిలిచి మారుస్తానంటున్నావా? వానొస్తుందేమో చూడు."

వచ్చింది, విసిరింది, నెంబరు అరిచింది, పక్కషాపులో గాజులు చూస్తానని వెళ్ళింది. పది నిమిషాల్లో పనైపోయింది. ఆ యాప్ ఫోన్‌లో ఎక్కడా కనబడదు. చూసేవాళ్ళ ఫోన్‌లో మాత్రం పటం మీద ఓ నీలం చుక్క కదులుతుంది. మెకానిక్కుల అలవాటు ఏమిటంటే, ఏది పెట్టినా ముందు కౌంటర్ ఫోన్‌తో కలిపి పనిచేస్తోందో లేదో చూసుకుంటారు. అలాగే చూశాడు. చుక్క తన షాపు మీదే వెలుగుతోంది. సాయంత్రం అక్క ఫోన్ కూడా కలిపాడు. ఇక కౌంటర్ ఫోన్ తీసేయాలి. తీసేయబోతుంటే కింద చిన్న అక్షరాలు కనబడ్డాయి. చూసేవారిలో ఎవర్ని తొలగించినా ఆ సంగతి అవతలి ఫోన్‌కి మెసేజ్‌గా వెళ్తుందట. పెట్టేటప్పుడు చడీచప్పుడు లేదు, తీసేటప్పుడు మాత్రం దండోరా! పెట్టాక చదివాడు. ఊరందరికీ పద్ధతులు చెప్పే పెద్దమనిషి! సరే, ఫోన్ మళ్ళీ చేతికొచ్చినప్పుడు తీసేసి, మెసేజ్ కూడా చెరిపేద్దాంలే అనుకుని వదిలేశాడు.

మొదటి రెండు రోజులు దాని వైపు చూడలేదు. మూడోరోజు ఒకసారి చూశాడు. ఆ తర్వాత చెయ్యి దానంతటదే పోయేది. చుక్క ల్యాబ్‌లో ఉంది. బస్‌స్టాప్‌లో ఉంది. ఇంటికి చేరింది. చేరినప్పుడల్లా మేస్త్రికి హాయిగా ఉండేది. తప్పు చేస్తున్న మనిషికి హాయి ఎక్కణ్ణుంచి వస్తుందని మీరడగొచ్చు. వచ్చింది మరి, ఉన్నమాట చెప్పుకోవాలిగా. పిల్లాపాపా లేని మనిషికి సాయంత్రం ఒకరు క్షేమంగా ఇంటికి చేరడం కళ్ళారా చూడటం అదే మొదలు.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి చుక్క ల్యాబ్ నుంచి బయల్దేరి, ఇంటివైపు కాకుండా ఊరి చివరికి పోయింది. అక్కడ పటంలో ఏమీ లేదు, ఖాళీ స్థలం. ఆ ఖాళీలో చుక్క గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. తిరిగి తిరిగి ఆగింది. వెనక్కి జరిగింది. మళ్ళీ తిరిగింది. గంటసేపు ఇదే తంతు.

అక్క ఫోన్ చేసింది. "ఏంట్రా ఇది, గానుగెద్దులా తిరుగుతోంది? ఎవడి బండి మీదో తిరుగుతోందా? మైదానంలో అన్నిసార్లు ఎందుకు తిప్పుతాడు? ఎత్తుకుపోలేదు కదా?"

"నువ్వు ఊరుకో అక్కా" అన్నాడు గానీ, అతనికీ చెమటలు పట్టాయి. ఆ చుక్క ఎక్కడుందో చెప్తుంది, ఎందుకుందో చెప్పదు. ఆ ఎందుకుని మనం పూరించుకోవాలి. భయపడేవాడు పూరిస్తే ఏం పూరిస్తాడు? అక్కాతమ్ముళ్ళిద్దరూ మూడు రోజుల్లో ఆ పిల్ల మీద మోపని నేరం లేదు.

శనివారం మేస్త్రి షాపు కట్టేసి ఊరి చివరికి వెళ్ళాడు. మైదానం చుట్టూ కూలిన గోడ. మధ్యలో పాత డ్రమ్ములూ టైర్లూ వరుసగా పేర్చి ఉన్నాయి. వాటి మధ్య నుంచి ఓ ముసలి బస్సు వెనక్కి వస్తోంది. మెడలో ఈల వేసుకున్న ఓ లావుపాటావిడ "స్టీరింగ్ కొయ్యి, ఇంకా కొయ్యి, చాలు!" అని అరుస్తోంది. బస్సు డ్రైవర్ సీట్లో గిలక! నాలుక పళ్ళ మధ్య బిగపట్టి, భుజం మీంచి వెనక్కి చూస్తూ, ఆ ఏనుగంత బండిని రెండు డ్రమ్ముల మధ్యకి జానెడు తేడాతో తెచ్చి ఆపింది. గట్టు మీద కూర్చున్న ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు.

మేస్త్రి గోడ వెనకే చతికిలబడ్డాడు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆ రెండూ దాటాక సిగ్గేసింది. గోడ పక్కన టీ అమ్మేవాడు చెప్పాడు. బస్సు డిపోకి ఆడ డ్రైవర్లని తీసుకుంటున్నారట. పదకొండుమంది నేర్చుకుంటున్నారు. వచ్చే శనివారం పరీక్ష. మైదానంలో ఐదు చుట్లు ఆగకుండా తిప్పి, డ్రమ్ముల మధ్య పెట్టాలి. పాసైతే మర్నాడే ఉద్యోగం. మళ్ళీ ఎప్పుడు తీసుకుంటారో వాళ్ళకే తెలియదు.

అదే రోజు అక్కకి చెప్పేశాడు. అక్క ముందుగా, "డ్రమ్ముకి తగిలించలేదు కదా?" అంది.

"లేదక్కా. జానెడు దూరంలో ఆపింది."

"వాళ్ళ నాన్నా అంతే ఆపేవారు" అంది అక్క. ఆ వెంటనే, "ఆయనకి చెప్పొద్దు. ఉద్యోగం కాగితం చేతికొచ్చాక నేనే చెప్పుకుంటా. తిడితే పడతా."

"అయితే ఆ చుక్క తీసేస్తానక్కా. ఇంక దాంతో పనేముంది?"

"శనివారం దాకా ఉంచరా. పరీక్ష రోజు వెళ్ళి చూడలేను కదా. కనీసం అది తిరిగేది చూస్తా. ఐదు చుట్లు లెక్కపెట్టుకుంటా."

మేస్త్రి కాదనలేదు. అక్క మీదకి నెట్టేయడం తేలిక గానీ, అతనికీ అదే కోరిక. ఐదు చుట్లూ చూడాలి.

గురువారం గిలక వచ్చింది. షాపులో ఇద్దరు ముగ్గురున్నారు. "మావయ్యా, ముప్పై ఎనిమిది పదకొండు!" ఫోన్ బల్ల మీద జారుతూ వచ్చి అతని చేతిని తాకింది. "పది రోజుల్నుంచి ఛార్జింగ్ నిలబడట్లేదు. పొద్దున నిండా పెడితే మధ్యాహ్నానికి కళ్ళు తేలేస్తోంది. ఏదో దయ్యం పట్టింది దీనికి."

ఆ దయ్యాన్ని పెట్టిన భూతవైద్యుడు తల ఎత్తలేదు. ఆ యాప్ పగలూ రాత్రీ మెలకువగా ఉండి బ్యాటరీని తాగేస్తుందని అతనికి తెలుసు.

"ఎల్లుండి నాకు ముఖ్యమైన పనుంది. ఆ రోజు మాత్రం ఇది చచ్చిపోకూడదు" అంది గిలక.

"ఏం పనే?" అడిగాడు. చెప్తే బాగుండు, తనూ చెప్పేస్తాడు. చేసింది చెప్పి, తిట్లు తిని, కాళ్ళు పట్టుకుంటాడు.

గిలక నవ్వింది. కౌంటర్ మీదకి వంగి, చెవిలో చెప్పినట్టు, "ఇప్పుడు కాదు. అయ్యాక మొదట నీకే చెప్తా. అమ్మకంటే ముందు" అంది.

దీనికన్నా చెంపదెబ్బ కొట్టినా బాగుండేది. ఫోన్ అతని చేతిలో ఉంది, తెరిచి ఉంది. రెండు నిమిషాల పని. తీసేయొచ్చు, మెసేజ్ చెరిపేయొచ్చు, పిల్లకి తెలియదు, పాపం కొట్టుకుపోతుంది. వేలు అక్కడిదాకా వెళ్ళింది కూడా. ఇంకెంత, రెండే రోజులు, శనివారం ఐదు చుట్లు చూసి అప్పుడు తీసేద్దాం అనుకున్నాడు. ప్రేమ కాదా అంటే ప్రేమే. దొంగబుద్ధి కాదా అంటే అదీ అదే.

"బ్యాటరీ పాతబడింది కోడలా" అన్నాడు. బంగారంలాంటి బ్యాటరీ తీసి సొరుగులో పడేసి కొత్తది వేశాడు. అంతకన్నా పెద్దది, ఎక్కువసేపు నిలిచేది.

"నీ చేతిలో పెట్టాక ఇంక నాకు భయంలేదు" అని వెళ్ళిపోయింది.

శనివారం పది గంటలకి మేస్త్రి కౌంటర్ ఫోన్‌ని డబ్బాకి ఆనించి నిలబెట్టాడు. వచ్చినవాళ్ళకి "మధ్యాహ్నం రండి" అని చెప్పేస్తున్నాడు. పదీ ఇరవైకి చుక్క కదిలింది. ఒక చుట్టు. ఎక్కడా తొణకలేదు, బెణకలేదు. "అద్దీ!" అన్నాడు పైకే. రెండో చుట్టు మొదలైంది. సగంలో చుక్క ఆగింది.

నిమిషం చూశాడు. ఐదు నిమిషాలు చూశాడు. సిగ్నల్ పోయిందేమో అని ఫోన్ కిటికీ దగ్గర పెట్టాడు. చుక్క ఉన్నచోటే ఉంది. పావుగంటకి కదిలింది, మైదానంలో కాదు, రోడ్డు మీద. ఇంటివైపు, నెమ్మదిగా, స్కూటర్ పోయినట్టు. నియమాలు మార్చారేమో, రెండు చుట్లకే పాస్ చేశారేమో అని తనకి తాను చెప్పుకున్నాడు.

మధ్యాహ్నం అక్క ఫోన్ వచ్చింది. ఏడుపులో మాటలు ఏరుకోవాల్సొచ్చింది.

"చుక్క అక్కడ ఆగి ఉన్నప్పటి నుంచే ఫోన్ పట్టుకుని కూర్చున్నానురా, ఇంకా చుట్లు మొదలవలేదు. ఆయన కళ్ళజోడు కోసం లోపలికొచ్చారు. ఏంటలా చూస్తున్నావ్ అన్నారు. ఏం లేదని చెంగు కింద దాచాను. దాచకుండా పక్కన పెట్టేసి ఉంటే ఆయన పోయేవారు. లాక్కున్నారు. మనకి అది ఏంటో తెలియడానికి ఎంత పట్టిందిరా? ఆయనకి చూడగానే తెలిసిపోయింది. ముప్పై ఐదేళ్ళ కిందట ఆయనా అక్కడే తిరిగారట, అవే చుట్లు. చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళిపోయారు."

మిగతాది మేస్త్రి కళ్ళ ముందు జరిగినట్టే ఉంది. బావ మైదానంలోకి పరుగెత్తి, వస్తున్న బస్సుకి ఎదురుగా చేతులు చాపి నిలబడ్డాడు. గిలక బ్రేకు వేసింది. మూరెడు దూరంలో ఆగింది. బావ తిట్టలేదట. బస్సు మొహం చూస్తూ అక్కడే దుమ్ములో కూలబడిపోయాడట. పరీక్ష తీసుకునే ఆయన కిటికీ దగ్గరికొచ్చి, "దిగితే పరీక్ష పోయినట్టేనమ్మా, ఆయన్ని మేం చూసుకుంటాం, నువ్వు తిప్పు" అన్నాడట. గిలక ఒక్క క్షణం స్టీరింగ్ పట్టుకునే కూర్చుందట. తర్వాత దిగి, నాన్నని లేపి, తోటి అమ్మాయి స్కూటర్ అడిగి తీసుకుని, వెనక కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చింది.

"నీకెలా తెలిసింది నాన్నా అని అడిగింది, ఆయన నా ఫోన్ చూపించారు. ఎవరు పెట్టారమ్మా అంది. నేను నీ పేరు చెప్పలేదురా. చచ్చినా చెప్పను" అంది అక్క.

మేస్త్రి ఫోన్ పెట్టేశాడు. ఎదురుగా కౌంటర్ ఫోన్‌లో చుక్క ఇంటి మీద నిలబడి ఉంది, క్షేమంగా. ఇన్నాళ్ళూ హాయినిచ్చిన చుక్కే. ఇప్పుడు దాన్ని చూడలేకపోయాడు. "ఛీ, ఈ పాడు బతుకు" అని దాన్ని తీసి, తొలగించు అన్నచోట నొక్కేశాడు. చుక్క పోయింది. ఊపిరి పీల్చుకున్నాడు. ఆ పీల్చిన ఊపిరి వదలకముందే దండోరా సంగతి గుర్తొచ్చింది. పదిహేనేళ్ళు ఊరి ఫోన్లన్నీ విప్పిన మనిషి, తన చేత్తో తనే తన పేరు పంపించుకున్నాడు. అక్క నోరు మూసుకుని ఏం లాభం?

ఆదివారమంతా ఫోన్ మోగుతుందని చూశాడు. మోగలేదు. తిట్టడానికైనా చేస్తుందనుకున్నాడు. గిలక నోరు మూసుకున్న రోజు పుట్టి బుద్ధెరిగాక అదే.

సోమవారం మధ్యాహ్నం వచ్చింది. ఫోన్ విసరలేదు. కౌంటర్ లోపలికి రాలేదు, స్టూలు వైపు చూడలేదు. బయటివాళ్ళు నిలబడేచోట నిలబడింది. ఛార్జర్ కోసం వచ్చిన ఓ పెద్దాయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"ఇందులో ఒకటి తీయాలి. నాకు రావట్లేదు. ఎంతసేపు పడుతుంది?" అంది.

"కోడలా..."

"నీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. అడ్డం మేస్త్రి కౌంటర్ ఇకపై మిమ్మల్ని చూడటం లేదు అని. అమ్మది ఇంకా ఉంది. అది తీసెయ్."

"అక్క ఏడ్చిందే. నేను నీకేమైనా అవుతుందేమోనని..."

"గురువారం ఫోన్ నీ చేతిలోనే ఉంది కదా మావయ్యా. అప్పుడు కూడా ఉందా ఇది?"

అబద్ధం ఆడటానికి ఇంక ఏమీ మిగల్లేదు. "ఉంది" అన్నాడు.

"పాత బ్యాటరీ?"

"బానే ఉంది."

"అప్పటికి నీకు తెలుసా, నేను బస్సు నేర్చుకుంటున్నానని?"

"తెలుసు. వచ్చి చూశాను. గోడ వెనక నుంచి." అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎంత బాగా తిప్పావే!"

గిలక మొహం ఒక్కసారి చిన్నపిల్ల మొహమైపోయింది. పెదవి కొరుక్కుని తమాయించుకుంది. "గోడ ఇవతలికి వచ్చుంటే చెప్పేదాన్ని కదా. నీకే కదా మొదట చెప్తానన్నాను" అంది. తర్వాత, "మిగతా పదిమందీ పాసయ్యారు. ఇవాళ డిపోలో చేరారు" అంది.

"బావ?"

"మంచం దిగట్లేదు. ఆయన మీద కోపం రావట్లేదు మావయ్యా. ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డారు."

బెంచీ మీది పెద్దాయన సగం విని, సగం వినక, ఛార్జర్ డబ్బా తిప్పి చూసుకుంటున్నాడు. మేస్త్రి ఫోన్ అందుకున్నాడు. తెర ఆరిపోయి ఉంది. అలవాటు కొద్దీ వేలు తనే నొక్కేసింది, ముప్పై ఎనిమిది పదకొండు. తప్పు నెంబరంది ఫోన్. ఇంకోసారి నొక్కాడు. తప్పంది.

గిలక చెయ్యి చాపింది. అతను ఫోన్ ఇచ్చాడు. ఆమె దాన్ని తనవైపు తిప్పుకుని, ఎడమ అరచెయ్యి పైన కప్పి, లోపల నొక్కడం మొదలుపెట్టింది.

పెద్దాయన అది చూసి ముచ్చటపడ్డాడు. "భలే మేస్త్రీ! ఈ అమ్మాయికి మీరు చెప్పక్కర్లేకుండానే చెయ్యి అడ్డం పెట్టుకుందే" అన్నాడు.

మేస్త్రి తల గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె కొత్త నెంబరు నొక్కడం అయిపోయాక కూడా, చాలాసేపు అలాగే ఉన్నాడు.